మాట వెంట వచ్చిన టైం

మా ఏలూరు వైపు టెలిఫోన్ల చరిత్ర ఎవరు చెప్పినా ఎస్టీడీ బూతు దగ్గర మొదలుపెట్టి సెల్‌ఫోను దగ్గర ఆపేస్తారు. పసుపు బోర్డు, అద్దాల గది, రాత్రి పదకొండు దాటాక తగ్గే రేటు కోసం బయట బెంచీ మీద కూర్చున్న జనం. అవన్నీ నిజమే, రాయదగ్గవే. నేను మాత్రం ఏలూరులో ట్రాన్స్‌మిషన్ రూములో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ బూతులో మాట్లాడిన మాట తాడేపల్లిగూడెంలో ముక్కలు కాకుండా ఎలా వినపడేదో చూసే పని మాది. దానికి అన్నిటికన్నా ముందు కావలసింది క్లాక్. అవతలి ఎక్స్ఛేంజి ఏ లయలో బిట్లు పంపుతోందో ఇవతలి ఎక్స్ఛేంజికి తెలియాలి. ఆ లయను ఎవరూ విడిగా చెప్పరు. వచ్చే బిట్లలోంచే పిండుకోవాలి. ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో దీన్ని క్లాక్ రికవరీ అంటారు. మా రూములో "సింక్ ఉందా, పోయిందా" అనేవాళ్ళం, అంతే.

టైం విడిగా వచ్చిన రోజులు ముందు చెప్పాలి, లేకపోతే ఇందులో వింత అర్థం కాదు. ఏలూరు మీద సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకీ, తాడేపల్లిగూడెం మీదకి వచ్చే వేళకీ సుమారు వంద సెకన్ల తేడా ఉంటుంది. గూడెం తూర్పున ఉంది కాబట్టి అక్కడ ముందు. నీడ చూసుకుని బతికిన కాలంలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు, కొల్లేటిలో వల వేసేవాడికి అసలే పట్టలేదు. 1890లలో బెజవాడ నుంచి ఉత్తరానికి రైలుమార్గం పడ్డాక పట్టింది. అప్పటికే మన దేశపు రైళ్ళన్నీ 1870 నుంచి మద్రాసు అబ్జర్వేటరీ టైంతో నడుస్తున్నాయి. ఆ లెక్కన ఏలూరు సూర్యుడు రైల్వే గడియారం కంటే మూడు నిమిషాలు ముందుండేవాడు. 1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైం వచ్చాక అదే సూర్యుడు ఐదున్నర నిమిషాలు వెనకబడ్డాడు.

ఆ టైంను ఊరూరికీ మోసింది టెలిగ్రాఫు తీగ. రైల్వేలో ఇప్పటికీ ఒక నియమం ఉంది, రోజూ సాయంత్రం నాలుగింటికి స్టేషన్లన్నిటికీ టైం సిగ్నల్ అందాలి, అందరూ గడియారాలు సరిచేసుకోవాలి. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, బాదంపూడి, ఇలా వరసగా ఉన్న స్టేషన్ మాస్టర్లంతా ఒకే క్షణాన గోడ గడియారం వంక చూడాలన్నమాట. ఇక్కడ టైం వేరు, కబురు వేరు. నాలుగింటికి తీగ మీద టైం వెళ్తుంది, మిగతా రోజంతా బళ్ళ కబుర్లు వెళ్తాయి. మధ్యలో గడియారం ఒకట్రెండు నిమిషాలు తప్పితే మర్నాడు నాలుగింటికి దిద్దుకోవచ్చు. నిమిషాల లెక్క కాబట్టి అలా నడిచింది.

టెలిప్రింటరుతో లెక్క మిల్లీసెకన్లకి దిగింది.

తంతి ఆఫీసులో ఆ యంత్రాలు మద్రాసు హిందుస్థాన్ టెలిప్రింటర్స్ వాళ్ళవి. 1960లో పెట్టిన కంపెనీ. 50 బాడ్ల వేగం, అంటే ఒక్కో ఎలిమెంటు 20 మిల్లీసెకన్లు. అక్షరానికి ముందు ఒక స్టార్టు, తర్వాత ఐదు ఎలిమెంట్లు, చివర ఒకటిన్నర ఎలిమెంటంత స్టాపు. మొత్తం 150 మిల్లీసెకన్లకు ఒక అక్షరం, నిమిషానికి 400. స్టార్టు తగలగానే ఇవతలి యంత్రంలో క్లచ్ పడి చక్రం తిరుగుతుంది, ఐదు చోట్ల తడిమి చూస్తుంది, ఆగిపోతుంది. మళ్ళీ స్టార్టు వస్తేనే కదులుతుంది. క్లాక్ రికవరీకి మొదటి పాఠం ఇక్కడే ఉందంటాను. రెండు మోటార్లూ రోజంతా కలిసి పరుగెత్తక్కర్లేదు. ఒక్క అక్షరం పూర్తయ్యేదాకా, ఆ 150 మిల్లీసెకన్ల పాటు, కలిసి ఉంటే చాలు. టైం అక్షరం నెత్తిమీదే ఎక్కి వచ్చేది.

ఆ కాస్సేపైనా కలిసి ఉండాలంటే మోటారు వేగం సరిగా ఉండాలి. చూసే పద్ధతి చిత్రంగా ఉండేది. మోటారు గవర్నరు చక్రం అంచున నల్లని, తెల్లని గళ్ళు వేసి ఉంటాయి. మెకానిక్ దగ్గర ఒక శృతిదండం. దాని రెండు కొమ్ములకీ చివర్లలో చిన్న రేకు తలుపులు, మధ్యలో సన్నని చీలిక. దాన్ని అరచేతికి తట్టి కంటి దగ్గర పెట్టుకుని ఆ చీలికలోంచి తిరిగే చక్రాన్ని చూడాలి. వేగం సరిగ్గా ఉంటే గళ్ళు కదలకుండా నిలబడతాయి. వేగం తక్కువైతే ఒక పక్కకీ, ఎక్కువైతే రెండో పక్కకీ పాకుతాయి. నాకు పని నేర్పిన సీనియర్ మెకానిక్ ఆ ఫోర్కు నా చేతికిచ్చి "ఏం అబ్బాయ్, నిలబడిందా?" అనేవారు. "నిలబడినట్టే ఉంది గురువుగారూ" అంటే ఒప్పుకునేవారు కాదు. "నిలబడినట్టే ఏంటయ్యా? నిలబడితే నిలబడిందను, లేకపోతే స్క్రూ తిప్పు." ఆయన సగం ఉద్యోగం మోర్స్ మీద చేసినవారు. చెవితో టైం పట్టే మనిషికి కంటితో టైం పట్టే నన్ను చూస్తే కొంచెం లోకువ.

అసలు కథ పీసీఎంతో మొదలవుతుంది. పల్స్ కోడ్ మాడ్యులేషన్. 1930ల చివర పారిస్‌లో ఐటీటీ ప్రయోగశాలలో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషాయన దీన్ని ఊహించి, 1938లో ఫ్రాన్సులో పేటెంటు తీసుకున్నాడు. ఊహ బాగుంది గానీ వాల్వులతో కడితే ఖర్చు తడిసి మోపెడు. ట్రాన్సిస్టరు వచ్చి చవకయ్యాక అమెరికాలో బెల్ వాళ్ళు 1962లో చికాగోలో మొదటి పీసీఎం లైను వేశారు. వాళ్ళది 24 మాటల పద్ధతి. మన దేశం యూరప్ పద్ధతి తీసుకుంది. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలవడం, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాయడం. మాటకు 64,000 బిట్లు. అలాంటి మాటలు 30, వాటి పైన ఫ్రేము గుర్తుకో స్లాటు, సిగ్నలింగుకో స్లాటు, మొత్తం 32 స్లాట్లు కలిస్తే ఒక ఫ్రేము. గుణిస్తే సెకనుకు 20,48,000 బిట్లు. ఒక్కో బిట్టు 488 నానోసెకన్లు. టెలిప్రింటరులో ఒక ఎలిమెంటు గడిచేలోపు ఇక్కడ 40,960 బిట్లు వెళ్ళిపోతాయి.

ఇంత వేగంలో స్టార్టు, స్టాపు పెట్టుకుంటూ కూర్చుంటే కుదరదు. ఇంకో జత తీగ వేసి దాని మీద క్లాక్ విడిగా పంపవచ్చు కదా అని కొత్తగా చేరిన ప్రతివాడూ అడుగుతాడు. నేనూ అడిగాను. జత తీగ ఖర్చు సంగతి అలా ఉంచండి. కిలోమీటర్ల పొడుగున రెండు జతలు సరిగ్గా ఒకేలా ఉండవు. ఒకదాంట్లో సిగ్నల్ రవ్వంత ముందు, ఒకదాంట్లో రవ్వంత వెనక చేరుతుంది. ఆ రవ్వంతే బిట్టులో సగం అయిందంటే చదవాల్సిన చోట కాకుండా బిట్లు మారే అంచు మీద చదువుతాం. క్లాక్ ఏ తీగ మీద, ఏ దెబ్బలు తిని వచ్చిందో, డేటా కూడా ఆ తీగ మీద ఆ దెబ్బలే తిని రావాలి. అందుకని రెండింటినీ ఒకటిగా పంపారు. బెల్ ల్యాబ్స్‌లో 1957లో సుండే అనే ఇంజనీరు ఈ స్వయం టైమింగు రిపీటర్ల లెక్క తేల్చి వ్యాసం రాశాడు. మా చేతికి వచ్చిన డబ్బాలన్నీ ఆ లెక్క సంతానమే.

ఆ డబ్బా సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. పీసీఎం జంక్షన్ కేబులు మీద ప్రతి 1,830 మీటర్లకూ ఒక రీజెనరేటరు ఉండేది. పాత కేబుళ్ళలో గొంతు పలచబడకుండా లోడింగ్ కాయిల్స్ పెట్టింది అంత దూరానికే కాబట్టి, ఆ కాయిల్స్ పీకేసి అదే గుంటలో వీటిని దింపారు. పది కిలోమీటర్ల దారికి ఐదు. భూమిలో గుంట, గుంటలో పోత ఇనుప డబ్బా, లోపల వరసగా కార్డులు. కరెంటు కూడా ఎక్స్ఛేంజి నుంచి అదే జతల మీద రావాలి. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, కేబులు జాయింటును ఊరికే ఉండనివ్వదు. తమ్మిలేరు పొంగినప్పుడైతే చెప్పక్కర్లేదు. అందుకే కేబులు లోపలికి పొడిగాలి ఒత్తిడితో కొట్టి ఉంచేవాళ్ళం. ఒత్తిడి పడిందంటే ఎక్కడో నీరు దిగుతోందని గుర్తు.

గుంట దగ్గరికి వెళ్తే ముందు లైన్‌మన్ బకెట్టుతో నీళ్ళు తోడతాడు. "ఆయ్, తోడేశానండి, మూత విప్పమంటారా?" అంటాడు. మూత విప్పాక సిలికా జెల్ సంచి రంగు చూస్తాం. నీలం ఉంటే సంతోషం, గులాబీకి తిరిగితే తడి దూరిందని. కార్డు బయటికి లాగితే అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్లు, ట్రాన్సిస్టర్లు, ఒక మూల చిన్న ఫెరైటు గిన్నెలో చుట్టిన కాయిల్, పక్కన కెపాసిటరు. ఆ జంటే గడియారం. లోపల క్వార్ట్జు లేదు, టిక్కుటిక్కులు లేవు. 2.048 మెగాహెర్ట్జుకు ట్యూను చేసిన ఒక కాయిల్, అంతే.

అది టైం ఎలా పట్టుకుంటుందంటే, తీగ మీద ఒకట్లు ఒకసారి ప్లస్సు, ఒకసారి మైనస్సు పల్సులుగా వస్తాయి. సున్నా అంటే ఏమీ లేదు. ఆ ప్లస్సు మైనస్సుల్ని ఒకే దిక్కుకు మళ్ళిస్తే, ఏ పల్సు వచ్చినా సరే 488 నానోసెకన్ల గుణిజాల దగ్గరే వస్తుంది కదా, ఆ లయ బయటపడుతుంది. దాన్ని కాయిల్‌కు తగిలిస్తే కాయిల్ మోగుతుంది. గుడిగంట ఒకసారి కొడితే మోత కాసేపు నిలిచినట్టు, నాలుగు పల్సులు తగిలి రెండు తగలకపోయినా మోత ఆగదు. ఆ మోతను పదునైన టిక్కులుగా కత్తిరించి, ఆ టిక్కు పడ్డ చోట వచ్చిన సిగ్నల్‌ను చదివి, "ఇది ఒకటి, ఇది సున్నా" అని తేల్చి, మళ్ళీ కొత్త పల్సు కొట్టి ముందుకు పంపిస్తుంది. నలిగి, ఒరిగి, గుండ్రబడి వచ్చిన పల్సు కడిగిన ముత్యంలా బయటికి వెళ్తుంది.

ఆసిలోస్కోపు పెట్టి చూస్తే కన్ను కనబడేది. నేను అలంకారానికి అనడం లేదు, దాని పేరే ఐ ప్యాటర్న్. వచ్చే బిట్లన్నిటినీ ఒకదాని మీద ఒకటి పడేట్టు స్కోపు ట్రిగ్గర్ చేస్తే తెర మీద ఒకదాని పక్కన ఒకటి కళ్ళు విచ్చుకుంటాయి. కన్ను బాగా తెరుచుకుంటే లైను బాగుంది. రెప్పలు దళసరి అయి కన్ను మూసుకుపోతుంటే తడి దూరిందో, పక్క జత నుంచి క్రాస్‌టాక్ వస్తోందో చూసుకోవాలి. కన్ను నిడివి అటూ ఇటూ వణికితే జిట్టర్. క్లాక్ సరిగ్గా కన్ను నడిమధ్య పడాలి. ఈక్వలైజరును తిప్పి ఆ కన్నును తెరిపించడంలో ఉన్న తృప్తి ఆ తర్వాత లక్షల ఖరీదు చేసే పరికరాలు పట్టుకున్నా నాకు కలగలేదు. ఇప్పటి మెషీన్లు "పాస్" అని ఆకుపచ్చ అక్షరాలు చూపించి ఊరుకుంటాయి.

సరే, ఇంతవరకూ సాఫీగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, నిశ్శబ్దంలో.

ఒకట్లు వస్తుంటే కాయిల్ మోగుతుంది. వరసగా సున్నాలే వస్తే? తీగ మీద ఏమీ లేదు, కాయిల్‌ను కొట్టేవాడు లేడు, మోత సన్నగిల్లి ఆగిపోతుంది. క్లాక్ పోతుంది. అర్ధరాత్రి 30 చానళ్ళలోనూ ఎవరూ మాట్లాడటం లేదనుకోండి. నిశ్శబ్దం అంటే కొలత సున్నా, సున్నా అంటే ఎనిమిది సున్నాల వరస. ఊరంతా నిద్రపోతే లైను చచ్చిపోవాలి. తెల్లారి మొదటి కాల్ చేసినవాడికి ముందు కాసేపు చెత్త వినపడాలి.

అలా జరగలేదంటే కారణం ఎవరో ముందే ఆలోచించి పెట్టడం. మన పీసీఎం కోడులో నిశ్శబ్దానికి రాసే సంఖ్య గుర్తు బిట్టుతో కలిపి 10000000. దీన్ని అలాగే పంపరు. సరి బిట్లన్నిటినీ తిరగేసి పంపుతారు. అప్పుడు అది 11010101 అవుతుంది. ఎవరూ మాట్లాడని చానలు మీద సెకనుకు 8,000 సార్లు ఈ 11010101 పోతూ ఉంటుంది. అంటే మాట లేనప్పుడే తీగ బాగా సందడిగా ఉంటుంది. ఫోను ఎత్తి మౌనంగా ఉన్న మనిషి కూడా తనకు తెలియకుండా క్లాక్‌కి దెబ్బలు అందిస్తున్నాడు. నేను ట్రైనింగులో ఈ ముక్క విన్నప్పుడు పక్కవాడిని మోచేత్తో పొడిచాను. ఆ వయసులో పీసీఎం థియరీ వింటూ అలా పులకరించినవాళ్ళు మా బ్యాచిలో ఎంతమందో తెలియదు గానీ నేను ఒకణ్ణి.

అయినా మాటల మధ్య ఎక్కడో నాలుగు సున్నాలు కలిసి పడొచ్చు. దానికి ఇంకో ఎత్తు వేశారు, హెచ్‌డీబీ3 అని. ఒకట్లు ప్లస్సు, మైనస్సు, ప్లస్సు, మైనస్సు అని మారాలన్నది నియమం. వరసగా నాలుగు సున్నాలు రాగానే పంపేవాడు కావాలని ఆ నియమం తప్పుతాడు. నాలుగో చోట, ముందు పల్సు ఏ గుర్తుతో ఉందో అదే గుర్తుతో ఇంకో పల్సు కొడతాడు. అందుకునేవాడు చూసి, "ఈ తప్పు తెలియక చేసింది కాదు, ఇక్కడ ఉన్నవి సున్నాలే" అని పోల్చుకుని పల్సు తీసేసి సున్నాలు రాసుకుంటాడు. ఈలోగా కాయిల్‌కి తగలాల్సిన దెబ్బ తగిలిపోయింది. నా మటుకు నాకు రీవ్స్ ఊహ కంటే ఈ ఎత్తే గొప్ప. ఊహ ఎవరికైనా రావచ్చు, కావాలని చేసిన తప్పుతో పని జరిపించడానికి వేరే బుర్ర కావాలి.

1984 ఆగస్టులో మన దేశంలోనే ఎక్స్ఛేంజిలు తయారు చేయడానికి సీ-డాట్ అనే సంస్థ పెట్టడం, 1986 జులైలో కర్ణాటక కిత్తూరులో 128 లైన్ల మొదటి గ్రామీణ ఎక్స్ఛేంజి తెరవడం అందరికీ తెలిసిన కథే. ఏసీ గది అక్కర్లేని ఎక్స్ఛేంజి అని పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. మెచ్చుకోదగ్గదే. మా వైపు 256 పోర్టుల రకం ఊరూరా దిగింది. పంచాయతీ గదిలోనో, అద్దెకు తీసుకున్న పెంకుటింటి వసారాలోనో పెట్టేవాళ్ళం. కొల్లేటి లంకలకి కేబులు తవ్వడం కుదిరే పని కాదు. చెరువు గట్లు, బోదెలు, వానాకాలం వస్తే మోకాలి లోతు నీళ్ళు. అక్కడికి టవరు నిలబెట్టి 30 చానళ్ళ డిజిటల్ యూహెచ్‌ఎఫ్ రేడియో పెట్టారు. గాల్లో వెళ్ళినా లెక్క అదే, అవతల అందుకున్న సిగ్నల్లోంచి క్లాక్ పిండుకోవాలి. ఇక మార్ అనే రేడియో ఫోను ఒకటి ఊళ్ళలో పెట్టారు, దాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఎక్స్ఛేంజిలే డిజిటల్ అయ్యేసరికి ఇంకో పేచీ వచ్చింది. ఇంతవరకూ క్లాక్ ఒక లైనుకు సంబంధించిన సంగతి. ఇప్పుడు అన్ని ఎక్స్ఛేంజిలకూ సొంత గడియారాలున్నాయి, వాటిలో ఎవరి మాట ఎవరు వినాలి? పద్ధతి ప్రకారం పైన సీజియం అణు గడియారం, దాన్ని చూసి పెద్ద ఎక్స్ఛేంజి, దాన్ని చూసి జిల్లా ఎక్స్ఛేంజి, దాన్ని చూసి పల్లె ఎక్స్ఛేంజి. చూడటం అంటే పైనుంచి వచ్చే 2 మెగాబిట్ల లైనులోంచి క్లాక్ తీసి సొంత గడియారాన్ని దానికి కట్టేయడం. కట్టే తాడు పేరు పీఎల్‌ఎల్, ఫేజ్ లాక్డ్ లూప్. 1932లో ద బెలిసీజ్ అనే ఫ్రెంచి ఇంజనీరు రేడియో కోసం రాసిన ఉపాయం. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలయ్యాక మన ఇళ్ళకొచ్చిన టీవీల్లోనూ ఇలాంటి పనే జరిగేది. సిగ్నల్లో సెకనుకు 15,625 సార్లు వచ్చే సింక్ పల్సును టీవీ అందుకుంటేనే బొమ్మ నిలబడేది. అందుకోకపోతే బొమ్మ ఏటవాలుగా చిరిగిపోయేది, ఇంట్లో పెద్దవాడు లేచి వెనక నాబ్ తిప్పేవాడు. ఆ నాబ్ తిప్పిన ప్రతివాడూ చేసింది క్లాక్ రికవరీయే.

గడియారాలు కట్టకపోతే ఏమవుతుందంటే, పంపే ఎక్స్ఛేంజి అందుకునేదానికంటే పది లక్షల్లో ఒక వంతు వేగంగా ఉన్నా, అందుకునేదానికి రెండు నిమిషాలకోసారి ఒక ఫ్రేము ఎక్కువైపోతుంది. పెట్టుకోవడానికి చోటు లేక పారేస్తుంది. పంపేది నెమ్మదిగా ఉంటే ఉన్న ఫ్రేమునే రెండుసార్లు చదువుతుంది. దీన్నే స్లిప్పు అంటారు. రెండు సీజియం గడియారాల మధ్యైతే 70 రోజులకు ఒకటి. మాట్లాడేవాళ్ళకి స్లిప్పు వినపడదు, వినపడితే చిన్న టిక్కు. ఫ్యాక్సుకి మాత్రం కొన్ని గీతలు ఎగిరిపోతాయి.

1990లలో కొల్లేటి చుట్టూ ఫ్యాక్సు మెషీన్లు ఎందుకు పెరిగాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆకివీడు, కైకలూరు వైపు నుంచి బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో కలకత్తా, అస్సాం పోయేవి. పొద్దున్నే హౌరా మార్కెట్టు రేటు తెలిస్తేనే ఎన్ని లారీలు ఎత్తాలో తేలేది. ఒక చేపల వ్యాపారి ఫ్యాక్సు కాగితం పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. రేట్లు ఉండాల్సిన చోట అడ్డంగా తెల్లటి పట్టీ. "ఏవండీ, రేటు ఒక్కటే మింగేసి మిగతాదంతా పంపుతోంది మీ ఎక్స్ఛేంజి, ఇదేం చోద్యమండీ?" అన్నాడు. మెషీను బాగుంది, లైను లూప్ వేసి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. ఎక్కడ వెతికినా దొరకలేదు. చివరికి దొరికింది మాకు కాదు, కాగితం మీద గీసిన బొమ్మకి. పేరెందుకు గానీ ఒక చిన్న ఎక్స్ఛేంజి ఇంకో చిన్న ఎక్స్ఛేంజి నుంచి క్లాక్ తీసుకునేట్టు పెట్టారు. ఆ రెండోదానికి పై లైను కోసుకుపోయినప్పుడు అది మొదటిదాని నుంచి తీసుకునేట్టు పెట్టారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కలిసికట్టుగా దారి తప్పిపోయారు. వాళ్ళిద్దరి మధ్య స్లిప్పులు సున్నా. బయటి ప్రపంచంతోనే అన్నీ. ఎవరి డ్యూటీలో ఎవరు పెట్టారో అని కేకలు వేసుకున్నాం గానీ, క్లాక్ ఎక్కడినుంచి ఎక్కడికి పారుతుందో గోడ మీద బొమ్మ గీసి పెట్టుకోవడం ఆ తర్వాతే మొదలైంది.

కొల్లేరు వైపు ఇంకో తిరకాసు ఉండేది. ఏలూరు కోడు 08812, గూడెం 08818, భీమవరం 08816. సరస్సుకు అటు ఒడ్డున ఉన్న కైకలూరు కృష్ణా జిల్లా కావడంతో 08677. ఒక చెరువు గట్టు మీద నిలబడి ఎదుటి గట్టుకు ఫోను చేస్తే ఎస్టీడీ. మాట ఒక దారిన, క్లాక్ ఇంకో దారిన చుట్టూ తిరిగి వచ్చేవి. కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్లో. అప్పటికి ఆ కోడు నొక్కేవాళ్ళే లేరు.

ఫైబరు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఫైబరు వచ్చాక మా చేతికి పని తగ్గింది. సెకనుకు 15 కోట్ల బిట్లు దాటిన ఎస్‌టీఎం-1లో కాయిల్ కట్టి కూర్చుంటే లాభం లేదు, చిప్‌లోనే పీఎల్‌ఎల్. దారిలో ఇనుప డబ్బాలు లేవు, గుంటలు లేవు. నిశ్శబ్దం భయం మాత్రం పోలేదు. అక్కడ బిట్లన్నిటినీ ఒక లెక్క ప్రకారం కలగాపులగం చేసి పంపుతారు, సున్నాల గుంపు ఎక్కడా నిలవకుండా. 2000 తర్వాత లేచిన సెల్ టవర్లు కూడా మా 2 మెగాబిట్ల లైనులోంచే క్లాక్ తీసుకునేవి. గాల్లోకి వదిలే ఫ్రీక్వెన్సీ కోటిలో అర వంతుకు మించి తప్పకూడదని జీఎస్‌ఎం నియమం. టవరు కంపెనీ ఏదైనా, గట్టు మీద నిలబడ్డ ఆ టవరు లయ మాత్రం తీగలో వచ్చిన బిట్లదే.

ఇప్పుడు అంతా ప్యాకెట్లు. ప్యాకెట్టుకి లయ లేదు, ఎప్పుడు వస్తే అప్పుడు. అందుకని టవరు నెత్తిన పుట్టగొడుగంత జీపీఎస్ యాంటెన్నా పెట్టి ఉపగ్రహం నుంచి టైం తీసుకుంటున్నారు, లేదంటే టైం కోసమే విడిగా ప్యాకెట్లు పంపుతున్నారు. 5జీ టవర్ల మధ్య మూడు మైక్రోసెకన్లకు మించి తేడా ఒప్పుకోరు. టైం మళ్ళీ విడిగా వస్తోంది.

మరి మాటలో క్లాక్ దాచే విద్య ఏమైందంటే, ఊళ్ళ మధ్య దారి వదిలి ఇంట్లోకి వచ్చింది. కంప్యూటరుకీ డిస్కుకీ మధ్య, ఫోనుకీ పెన్‌డ్రైవుకీ మధ్య ఉన్న మూరెడు తీగలో అదే పని జరుగుతోంది. వరసగా ఆరు ఒకట్లు వస్తే వెనకే ఒక సున్నా దూర్చమని యూఎస్‌బీ నియమం. 1983లో ఐబీఎంలో విడ్మర్, ఫ్రానాజెక్ కట్టిన కోడులో 8 బిట్లను 10గా మార్చి పంపుతారు, ఎక్కడా ఐదుకు మించి ఒకేలాంటి బిట్లు వరసగా రాకుండా. మా హెచ్‌డీబీ3కి దగ్గరి చుట్టాలే. సెకనుకు వందల కోట్ల బిట్లలోంచి క్లాక్ లాగే సర్క్యూట్ల మీద ఇల్లినాయ్ యూనివర్సిటీలో పవన్ కుమార్ హనుమోలు అనే ప్రొఫెసరు చేసిన పనికి ఆ రంగంలో మంచి పేరుంది. ఇంటిపేరు చూసి ముచ్చటేసి ఆయన వ్యాసం ఒకటి తెప్పించి చదివాను. లెక్కలు సగం తలకెక్కలేదు. బొమ్మలో కన్ను మాత్రం గుర్తుపట్టాను.

తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్ఐటీ పెట్టారు. మొదట్లో పెదతాడేపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీ భవనాల్లో క్లాసులు జరిపి, తర్వాత సొంత క్యాంపసుకు మారారు. అక్కడ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకి పీఎల్‌ఎల్ సిలబస్‌లో ఉంటుంది, కంప్యూటర్లో సిమ్యులేషనూ చేయిస్తారు. మంచిదే. కాలేజీ చుట్టుపక్కల మట్టిలో మాత్రం పాత రాగి కేబులు ముక్కలు ఇంకా ఉండి ఉంటాయి. ఎక్స్ఛేంజి స్టోర్లలో వేలం వేయకుండా మిగిలిన రీజెనరేటరు కార్డు ఒకటీ అరా ఎక్కడో దొరుకుతుంది, రాగి ధరకి తూచి అమ్మేసేలోపు వెతికితే. ఒక కార్డు తెచ్చి, ఆ ఫెరైటు కాయిల్‌కి ఒక పల్సు కొట్టి, మోత ఎంతసేపు నిలుస్తుందో స్కోపు మీద చూపించి, ఆ తర్వాత సమీకరణం రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం. కావాలంటే నేను వచ్చి చూపిస్తాను. ఏలూరు నుంచి గూడెం పాసింజరు టికెట్టు కూడా నేనే కొనుక్కుంటాను.